పురుగు పట్టని రాతిపువ్వులు

"అన్నం వండుడు అయినంక నీకేం పనుంటది? ఇంకా పూయలేదా?"

బడికి బయల్దేరుతూ, చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ కురుమూర్తి అడిగిన మాట అది. భార్య సుగుణమ్మ అంట్లు సర్దుకుంటోంది. వంట అయ్యాక ఆడదానికి ఏం పని ఉంటుందో చెప్పడం మొదలుపెడితే ఆయనకు బడి తప్పిపోతుంది. అంట్లు తోమాలి, బావి నుంచి నీళ్లు మోయాలి, అత్త బాలనాగమ్మ మోకాళ్లకు నూనె పట్టించాలి, రేపటికి జొన్నలు విసరాలి. వీటి సందుల్లో ఎక్కడో ఇంత చోటు చేసుకుని, వెనక వసారాలో పీట మీద కూర్చుని, కుంచెను మందునీళ్లలో ముంచి రాతిపువ్వులకు పూయాలి. చేసేది ఆమే అయినా, వనపర్తిలో ఎవరిని అడిగినా అది కురుమూర్తి సారు పని అనే చెబుతారు.

రాతిపువ్వు అంటే పేరుకే పువ్వు. ఎండిపోయిన గుట్టల మీద బండలకు బూడిదరంగులోనో పసుపురంగులోనో పొక్కుల్లా అంటుకుని ఉంటుంది. అందులో ఒక రకాన్నే ఏరి, ఆరబెట్టి, యాటకూర మసాలాలో వేస్తారు. యుద్ధం వచ్చి జర్మనీ రంగులు ఆగిపోయాక, ఈ పొక్కుల్లో కొన్నిటి నుంచి బట్టలకు రంగు తీయవచ్చునేమోనని హైదరాబాదులో ఒక ప్రొఫెసరు గారికి తోచింది. ఏ గుట్ట మీద ఏ బండకు ఏ రకం ఉందో ఏరించి, పటం గీయించి తెప్పించుకోవాలనుకున్నాడు. పాలమూరు పక్క వాన మొహం చూడని గుట్టలన్నీ వనపర్తి బడిలో సారుగా ఉన్న కురుమూర్తికి అప్పగించాడు. కురుమూర్తి పొంగిపోయాడు. "నా పేరు కితాబుల పడతది" అని ఎదురైన వాళ్లకల్లా చెప్పుకున్నాడు. ఇది మూడేళ్ల కిందటి మాట.

మొదటిసారి లింగాల గుట్టలకు పోయినప్పుడు సుగుణమ్మను వెంట తీసుకుపోయింది వంట కోసం. "నాకు బయటి తిండి పడదు" అన్నాడు. తీరా గుట్ట సగం ఎక్కేసరికి ఆయనకు కళ్లు తిరిగాయి. కిందికి దిగి చింతచెట్టు నీడలో కూలబడి, ఉలీ సుత్తీ పెళ్లాం చేతిలో పెట్టాడు. "గంతే గద, జర చెక్కుకొని రా. పువ్వు చిట్లొద్దు, రాతిపెంకుతోటి సహా రావాలె." సుగుణమ్మ చీర కచ్చ పోసుకుంది. మూటలు మోయడానికి వనపర్తి నుంచి వెంట తెచ్చిన కూలిమనిషి ఏసమ్మ ముందు నడుస్తుంటే, ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ గుట్ట ఎక్కింది. ఆ రోజు నుంచి గుట్ట ఎక్కడం సుగుణమ్మ వంతు, చింతచెట్టు నీడ కురుమూర్తి వంతు అయ్యాయి.

ఇందులో ఆమెకు కష్టం అనిపించలేదన్నది దాచిపెట్టాల్సిన సంగతి. అత్త వింటే "గుట్టలు పట్టుకొని తిరుగుడు నేర్చింది" అనేది. పెళ్లయి వచ్చాక మొదటిసారి ఎవరూ పేరు పెట్టి పిలవని చోట ఆమె నిలబడింది. కింద ఆయన పిలిచినా పైకి వినపడదు. గాలి ఒక్కటే ఉంది. బండ మీద బూడిదరంగు పొక్కు ఒకటి ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉంది. ఏసమ్మ సొరకాయ బుర్రలోంచి నీళ్లు తాగుతుంటే నాలుగు చుక్కలు దాని మీద పడ్డాయి. చూస్తుండగానే ఆ బూడిదరంగు పచ్చగా తిరిగింది. "సచ్చిందనుకుంటి గదమ్మా, పానమున్నది" అని ఏసమ్మ నవ్వింది. సుగుణమ్మ తన వంతు నీళ్లు కూడా దాని మీదే పోసింది. పొద్దుగూకేదాకా దప్పికతో తిరిగింది, అయినా ఇంటికి వచ్చేటప్పుడు దారంతా లోపల్లోపల ఏదో పాటలాంటిది మెదులుతూనే ఉంది.

పటం గీయడం కూడా ఆమె చేతికే వచ్చింది. ఆమె పుట్టిల్లు గద్వాల. నాన్న మగ్గం మీద చీర అంచులు నేసేవాడు. అంచులో హంస రావాలంటే ఏ గడిలో ఏ పోగు లేవాలో గళ్లు గీసి చూపించడం చిన్నప్పటి నుంచి ఆమెకు అలవాటు. గుట్టను కూడా అట్లాగే గళ్లుగా విడదీసింది. ఎండ పడే పక్కకు పసుపు చుక్క, నీడ పక్కకు బూడిద చుక్క, నీళ్లు జారే చోట నల్ల చుక్క. కాగితాన్ని గుడ్డ మీద అంటించి, ఊళ్ల పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. కింద మూలన పేరు రాయాల్సి వచ్చినప్పుడు కురుమూర్తి కలం తీసుకుని తన పేరు తానే రాసుకున్నాడు. అదొక్కటే ఆ పటంలో ఆయన చేతిరాత. "చూసినవా, ఎంత మంచిగ కుదిరిందో నా పటం" అని పెళ్లానికే చూపించాడు. ఆమెకు నవ్వు వచ్చింది. ఏడుపు కూడా వచ్చిందనుకోండి, అది తర్వాత, ఒక్కతే ఉన్నప్పుడు.

ఇక మిగిలింది మందు పూయడం. తెచ్చిన రాతిపువ్వులకు పురుగు పట్టకుండా, చీమ ముట్టకుండా పూసే నీళ్లు అవి. సీసా మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటుంది. ఆ సీసాను ఆయన పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. బయటికి తీసినప్పుడు ముక్కుకు రుమాలు కట్టుకుని, తెల్లటి పొడిని స్పిరిటులో గాజుపుల్లతో కలిపి, గిన్నె ఆమె ముందుకు జరిపి అవతలికి పోతాడు. "పూసినంక చేతులు కడుక్కో" అంటాడు. చేతులు కడుక్కోమని ఆ ఇంట్లో అందరూ అంటారు. గిన్నెలు తోమాక, పేడ ఎత్తాక, బయటి మూడు రోజులూ అయ్యాక, అన్నిటికీ అదే మాట. ఈ మాటలో వేరే అర్థం ఏమైనా ఉందని ఆమెకు ఎలా తెలుస్తుంది?

పూయడం మొదలైన కొన్నాళ్లకే నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు రుచి మొదలైంది. చిగుళ్లు వాచి నెత్తురు కారేవి. అన్నం తింటుంటే చొంగ కారుతుందని అత్త ముఖం తిప్పుకునేది. ఒక దవడ పన్ను నొప్పి లేకుండానే ఊడి చేతిలోకి వచ్చింది. గోళ్లు నల్లబడ్డాయి. తర్వాత చేతులు వణకడం మొదలైంది. పటం మీద గీత వంకర పోతే కురుమూర్తి అరిచేవాడు. "ధ్యానం యాడుంటది నీకు? గీత చూడు, పాము పోయినట్టు పోయింది!" అరిచాక మళ్లీ గిన్నె ముందుకు జరిపేవాడు.

రెండు కడుపులు పోయాయి. మొదటిది అయిదో నెలలో. మగపిల్లవాడని మంత్రసాని చెప్పింది, సుగుణమ్మకు చూపించలేదు. రెండోది నెలలు లెక్కపెట్టుకునేలోపే పోయింది. పోయిన ప్రతిసారీ బాలనాగమ్మ వాకిట్లో కూర్చుని పక్కింటి వాళ్లకు వినపడేలా అనేది: "దీని కడుపుల ఏముందో ఏమో, ఏది పడ్డా నిలుస్తలేదు. నా కొడుకు వంశం గిట్లనే మాడిపోవాల్నా?" ఆ మాటలు రోజూ విని విని సుగుణమ్మ కూడా తన కడుపును అనుమానంగానే చూసుకునేది. స్నానం చేసేటప్పుడు దాని మీద చెయ్యి పెట్టి, నువ్వే గదా నన్ను గిట్ల చేసింది అనుకునేది. చివరికి బాలనాగమ్మ కొడుక్కు రెండో పెళ్లికని మల్దకల్‌లో ఒక పిల్లను చూసింది. తిరుమలయ్య గుడి దగ్గర ఇల్లు, పద్మమ్మ అని పేరు, పెద్దమనిషై ఏడాది కూడా కాలేదు. "నిన్ను ఎల్లగొడతలేం. నువ్వూ ఉండు, అదీ ఉంటది. పనికి ఇద్దరైతరు" అంది, అదొక వరం ఇచ్చినట్టు.

ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే కడుపు పోయినప్పుడు మళ్లీ అందరికీ జవాబు చెప్పుకోవాలి. మల్దకల్ వాళ్లకు ముహూర్తం పెట్టేలోపు ఈ ఒక్కటి నిలిస్తే చాలు, ఇంకేమీ అడగనని రోజూ పొయ్యి ముందు దండం పెట్టుకునేది. అందరికీ దండం పెట్టుకుంది, బీచుపల్లి ఆంజనేయుడికి, ఆఖరికి ఏసమ్మ మొక్కే ఏసుప్రభువుకు కూడా. దండం పెట్టుకుని, వసారాలోకి వెళ్లి, కుంచె పట్టుకునేది.

ప్రొఫెసరు గారు పెట్టెలూ పటమూ తీసుకుపోవడానికి వచ్చే రోజు వచ్చింది. బాలనాగమ్మ ఆ రోజు వంట కోడలికి వదల్లేదు. హైదరాబాదు పెద్దమనిషి, యాటకూర కుదరాలి. ధనియాలు, లవంగాలు, చెక్క అన్నీ వేయించుకుంది. డబ్బాలో చూస్తే రాతిపువ్వు లేదు. సుగుణమ్మ బావి దగ్గర ఉంది. వెనక వసారాలో చూస్తే చాట నిండా పెంకుల నుంచి ఊడిన రాతిపువ్వే, మసాలాలో వేసే రకమే. మందు పూసిందన్న సంగతి బాలనాగమ్మకు తెలియకపోలేదు. కానీ స్పిరిటు ఆరిపోయింది, వాసన పోయింది. వాసన పోయినాక మందు ఇంకా ఉంటుందని ఆమె మాత్రం ఎందుకు అనుకుంటుంది? గుట్ట మీద పుట్టింది, మసాలాలో పడేది, ఇంట్లో చాటెడు పెట్టుకుని బజారుకు పోవడమేమిటనుకుంది. పిడికెడు తీసి పెనం మీద వేయించి, రోట్లో వేసి దంచి, కుదిరిందో లేదోనని చిటికెడు నాలుక మీద వేసుకుంది.

నీళ్ల బిందెతో సుగుణమ్మ లోపలికి వచ్చేసరికి, అప్పుడే వసారాలోకి వెళ్లిన కురుమూర్తి చాటలో గుంట చూసి వంటింట్లోకి పరుగెత్తుకొస్తున్నాడు. రోలు చూశాడు. తల్లి నాలుక చప్పరించడం చూశాడు. 

"అమ్మా! ఉమ్మేయ్! ఉమ్మేయే!"

రోలును కాలితో తన్నాడు. మసాలా అంతా నేల మీద చిమ్మింది. తల్లి దవడలు పట్టి నోరు తెరిచి వేలు పెట్టి నాలుక గోకాడు. ఆమె కక్కుతుంటే తల పట్టుకున్నాడు. ముప్పయ్యేళ్లు దాటిన మొగవాడు పసిపిల్లవాడిలా ఏడుస్తున్నాడు.

"సుగుణా, గుడ్లు తే! జల్దీ! తెల్లసొన తాపాలె, పచ్చ వద్దు, తెల్లసొన! పాలు ఉన్నయా? పాలు కూడా తే!"

సుగుణమ్మ ఉట్టి మీద గుడ్లు దించి వణికే చేతులతో ఒక్కొక్కటీ పగలగొట్టింది. పెంకు ముక్కలు సొనలో పడుతుంటే ఆయన విసుక్కుంటూ తనే ఏరి తల్లి నోట్లో పోశాడు. తల్లి చేతులు సబ్బుతో కడిగాడు, మళ్లీ కడిగాడు. గోళ్ల కింద కూడా చూశాడు. సుగుణమ్మ పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది. విరుగుడు ఏమిటో కూడా ఆయనకు తెలుసు. పచ్చసొన వద్దని, తెల్లసొన కావాలని కూడా తెలుసు. అదంతా ఇంత బాగా, ఇంత గబగబా గుర్తున్న మనిషికి మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆమెతో చెప్పడానికి నోరు రాలేదు.

బాలనాగమ్మ కక్కి కక్కి చాప మీద వాలిపోయాక సుగుణమ్మ అడిగింది.

"ఏంది అది?"

"విషం. రసకర్పూరం. పాదరసం నుంచి తీస్తరు. చిటికెడు లోపలికి పోయినా మనిషి దక్కదు."

"నేను మూడేండ్ల సంది పూస్తున్న."

"పూసుడు వేరు, మింగుడు వేరు. చేతులు కడుక్కోమని చెప్పిన గద."

"మరి మీరెందుకు ముట్టరు?"

కురుమూర్తి తల్లి నుదుటి మీద తడిగుడ్డ సర్దాడు. ఆలోచించి చెప్పిన మాట కూడా కాదు, ఉన్నదే అన్నాడు: "నేను బోర్డు మీద రాయాలె గదనే. నాకు చేతులు కావాలె."

ఊడిన పన్ను, వాచిన చిగుళ్లు, పాములా పోయిన గీత, మంత్రసాని చూపించకుండా గుడ్డలో చుట్టి తీసుకుపోయినది, అన్నీ ఒక్కసారి వచ్చి సుగుణమ్మ ముందు కూర్చున్నాయి. ఇన్నాళ్లూ నేరమంతా కడుపు మీద వేసుకుని తిట్టుకుంది. అది పాపం ఏం చేసింది! చీర కుచ్చిళ్ల కింద రెండు చేతులూ పెట్టబోయి, ఆ చేతులు ఏవో గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

అంతలో వాకిట్లో ప్రొఫెసరు గారి కారు ఆగింది. కురుమూర్తి ముఖం కడుక్కుని, షేర్వానీ తొడుక్కుని, నవ్వుతూ ఎదురుపోయాడు. కూర మాడిపోయిందని చెప్పి పప్పుతో భోజనం పెట్టించాడు. ప్రొఫెసరు మంచి మనిషి, పప్పునే మెచ్చుకున్నాడు. పటం పరిచి చాలాసేపు చూశాడు. ఇంత ఓపిక తాను ఎక్కడా చూడలేదన్నాడు. పెట్టెలు తెరిచి, "మందు బాగా పట్టింది. చాలా ప్రమాదమైనది సుమా. పూసేటప్పుడు జాగ్రత్తగానే ఉన్నారు కదా?" అని అడిగాడు.

"అన్ని జాగ్రత్తలూ తీసుకున్నానండీ" అన్నాడు కురుమూర్తి.

తలుపు వెనక నిలబడి సుగుణమ్మ విన్నది. అబద్ధం అనడానికి లేదు. ఆయన తీసుకున్న మాట నిజమే. ఇంకో ఏడాదికి గద్వాల పక్క గుట్టలు కూడా చూడమని చెప్పి ప్రొఫెసరు వెళ్లిపోయాడు. పటం కూడా వెళ్లిపోయింది. లింగాల గుట్ట మీద నీళ్లు పోస్తే పచ్చబడ్డ బండ ఏ గడిలో ఉందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

మర్నాటికి బాలనాగమ్మ లేచి కూర్చుంది. గొంతు మండుతోందని మజ్జిగ అడిగింది. మజ్జిగ ఇవ్వబోతే కోడలి చెయ్యి పట్టుకుని, నల్లబడ్డ గోళ్లను ఒక్కొక్కటే తడిమింది. ఆ ఇంటికి వచ్చాక అత్త తన చెయ్యి అట్లా పట్టుకోవడం అదే మొదలు. నిన్న నాలుక మీద పెట్టుకున్న చిటికెడుకే ఇంత పరేషాన్ అయిన మనిషి, ఈ చేతుల సంగతి గ్రహించకుండా ఉంటుందా?

"కడుపులు నిలవంది గందుకేనా?" అంది మెల్లగా.

సుగుణమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గందుకే అత్తమ్మా."

బాలనాగమ్మ చెయ్యి వదిలేసింది. "వాడు కావాలని చేసిండా? మొగోళ్లకు గివన్నీ యాదికుంటయా? ఐపోయిందేదో ఐపోయింది. మల్దకల్ వాళ్లకు మాటిచ్చిన, వచ్చే వారమే ముహూర్తం పెట్టుకోను పోవాలె. ఇంట్ల ఒక కడుపన్న నిలవాలె గద."

"ఆ పిల్లతోటి గూడ పూయిస్తడా?"

బాలనాగమ్మ మజ్జిగ తాగి, లోటా కింద పెట్టి, ఇది కూడా అడిగే మాటేనా అన్నట్టు చూసింది. "ఇంటి ఆడమనిషి చేయకుంటే ఎవరు చేస్తరు మరి?"

ఆ మాటలో కోపం లేదు, కసి లేదు. జొన్నలు ఎవరు విసరాలి అంటే ఎట్లా చెబుతుందో అట్లాగే చెప్పింది. సుగుణమ్మ లోటా తీసుకుపోయి కడిగి బోర్లించింది.

కురుమూర్తి బడికి పోయాడు. పోతూ పోతూ, గిన్నె శుభ్రం చేసి పెట్టమన్నాడు. ఆమె శుభ్రం చేయలేదు. గిన్నెను, కుంచెను పుల్లలతో ఎత్తి ఆయన రాసుకునే బల్ల మీద, సరిగ్గా ఆయన చెయ్యి పెట్టుకునే చోట పెట్టింది. రెండు చీరలు మూట కట్టుకుంది. అత్త నిద్రపోతోంది. వాకిలి దాటాక ఏసమ్మ గుడిసె దగ్గర ఆగి, నది దాకా తోడు రమ్మంది. ఏసమ్మ గుడిసెకు తడిక వేసి బయల్దేరింది. కొంత దూరం నడిచాక సుగుణమ్మే అన్నీ చెప్పింది, నెల తప్పిన సంగతితో సహా. ఏసమ్మ దారి మధ్యలో నిలబడిపోయింది.

"అయ్యో నా తల్లీ, నీ చేతులతోటి నాకు ముద్ద గూడ పెడితివి గద" అంది. అని, ఆ మాట నోరు జారినందుకు తనే నోరు మూసుకుని, సుగుణమ్మ మూట తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. సుగుణమ్మకు ఏడుపు ఆగలేదు. ఇంట్లో పొయ్యి దగ్గర కూడా అదే చేతులు. ఎవరి కంచంలో ఎంత పడిందో ఎవరు చెప్పగలరు?

కృష్ణ ఒడ్డుకు చేరేసరికి ఎండ తిరిగింది. నది దాటించే పుట్టి కోసం కూర్చున్న బండ మీద పసుపురంగు పొక్కులు పరుచుకుని ఉన్నాయి. అలవాటు ప్రకారం ముట్టుకోబోయి సుగుణమ్మ ఆగిపోయింది. వణికే చేతులు ఒడిలోకి తీసుకుని కళ్లతోనే చూసింది. ఇంత చక్కని పనిలో ఇంత విషం కలిపినందుకు కురుమూర్తిని ఈ జన్మలో క్షమించలేననుకుంది. కడుపు కోసం కాదు, అది వేరే లెక్క. ఈ గుట్టలను కూడా తనకు కాకుండా చేశాడు.

"అమ్మగారింటికి పోయి దవాఖానల చూపించుకో. దాసిపెట్టినవో, ఊకోను" అని ఏసమ్మ గట్టిగా చెప్పింది. పుట్టి కదిలాక కూడా ఒడ్డున నిలబడే ఉంది.

అవతల బీచుపల్లిలో దిగేసరికి గద్వాల పోయే ఎద్దుబండి సిద్ధంగా ఉంది. తోలే ఆయన పేరు వెంకటన్న, ఆమె నాన్నకు తెలిసినవాడే. "గద్వాలకే గద బిడ్డా? ఎక్కు, చీకటి పడేవరకు మీ ఇంటి ముంగట దించుత" అన్నాడు.

సుగుణమ్మ బండి ఎక్కి కూర్చుంది. పుట్టింట్లో అమ్మ ఏడుస్తుంది, నాన్న మగ్గం ఆపి చూస్తాడు, అన్న నాలుగు రోజులయ్యాక వెనక్కి దిగబెట్టే మాట ఎత్తుతాడు. అవన్నీ ఉన్నవే, ఆగవు. దవాఖానకు పోవాలి, అదీ ఆగదు. కానీ వచ్చే వారం ఆగుతుందా?

"గద్వాలల ఆపకు మామా. మల్దకల్ దాకా పోనియ్యి."

"మల్దకలా? గాడ మీకెవరున్నరు?"

"పద్మమ్మ అని ఒక పిల్లున్నది" అంది సుగుణమ్మ, రెండు చేతులూ వెలుతురులో చాపి చూసుకుంటూ. "దానికి గివి చూపియ్యాలె."